పన్నెండు డిగ్రీలు

ఇల్లు కొన్న రోజునే లూసియెన్ కన్ను ఆ నేలమాళిగ మీద పడింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో చెప్పుకోదగ్గది అదొక్కటే. పైన మూడు చిన్న గదులు, ఒక వంటిల్లు, వానకు కారే పలకరాతి కప్పు. కింద మాత్రం కొండను తొలిచి చేసిన చల్లని గది. రోష్‌బ్లాంష్ ఊళ్లో పాత ఇళ్లన్నీ అంతే. లువార్ నది వైపు ముఖం పెట్టి, తెల్లరాతి కొండకు వీపు ఆనించి కూర్చుంటాయి. తాతలు ఆ కొండలోంచి రాయి కోసి ఇళ్లు కట్టుకున్నారు. కోయగా మిగిలిన గుహల్లో వైన్ పెట్టుకున్నారు. ఏ సొరంగం ఎవరి ఇంటి కిందుగా పోయి ఎక్కడ తేలుతుందో ఊళ్లో ఎవరికీ పూర్తిగా తెలియదు.

వంటింటి మూల తలుపు తీస్తే పద్నాలుగు మెట్లు. దిగితే కమాను కప్పు వేసిన గది. వెనక గోడ కొండే. ఇల్లు ఏటవాలున ఉంది కాబట్టి ముందు గోడ కింది రోడ్డు మట్టానికే తేలుతుంది. ఆ గోడకు అడుగున, నేలకు జానెడు ఎత్తులో, ఇనపకడ్డీలు బిగించిన కంత ఒకటి. వెలుతురుకు పనికిరాదు, చూడ్డానికీ పనికిరాదు. రోడ్డు మీంచి చూస్తే గోడ పాదం దగ్గర పిల్లి దూరేంత సందు. కిటికీని పైన పెట్టాల్సింది పోయి కింద పెట్టాడంటే ఏ తాగుబోతు మేస్త్రీ కట్టాడో అని లూసియెన్ నవ్వుకున్నాడు.

ఇల్లు అమ్మిన ముసలామె మదాం పిషార్ ఆ గదిలో బంగాళాదుంపలు పోసుకునేది. తాళాలు ఇచ్చేటప్పుడు లూసియెన్ భార్య ఒదీల్‌ను పక్కకు పిలిచి, ద్రాక్ష కోతల నెలలో కిందికి దిగొద్దనీ, అప్పుడు ఆ గది కొండదనీ చెప్పింది. తన అత్తగారు తనకు అలాగే చెప్పిందట. కోతలు మొదలు కాగానే దుంపల బస్తాలు వంటింట్లోకి తెచ్చుకుని, నవంబరులో వచ్చే సెంట్ మార్టిన్ పండుగ వెళ్లేదాకా ఆ మెట్లవైపు చూసేది కాదట. ఒదీల్ తపాలా ఆఫీసులో పనిచేసే మనిషి. రోజుకు నలుగురు ముసలమ్మల కథలు వినడం ఆమెకు ఉద్యోగంలో భాగం. ఇంటికొచ్చి ఆమె ఆ మాటను మొగుడికి నవ్వుతూ చెప్పింది. "అద్దె లేకుండా పదకొండు నెలలు మనకిచ్చి, ఒక్క నెల కొండ వాడుకుంటుందట. మంచి బేరమే."

లూసియెన్ కూడా నవ్వాడు. అతని మనసు అప్పటికే అరల కొలతల మీద ఉంది.

ఆ గది అతను తనకోసం కట్టాలనుకోలేదు. తండ్రి కోసం. అతని తండ్రి అనతోల్ యాభై రెండేళ్లు పరాయివాళ్ల వైన్‌కు చాకిరీ చేసిన మనిషి. తీగలు కత్తిరించాడు, బుట్టలు మోశాడు, పీపాలు కడిగాడు. యజమానులు ఏటా క్రిస్మస్‌కు ఒక పెట్టె సీసాలు చేతిలో పెట్టేవాళ్లు. అనతోల్ వాటిని తాగలేదు. పెళ్లికి కొన్ని, కొడుకు డిగ్రీ పాసైన రోజున రెండు తెరిచాడు. మిగిలినవన్నీ కోళ్లగూడు వెనక రేకుల కొట్టంలో ఇసకలో పాతిపెట్టుకున్నాడు. ఎండాకాలం ఆ కొట్టం పొయ్యిలా కాలేది. మంచి వైన్ అలా ఉడికిపోతుంటే లూసియెన్ చూడలేకపోయేవాడు.

ఆ వంశంలో పుస్తకం పట్టినవాడు లూసియెన్ ఒక్కడే. ఇప్పుడు పక్క పట్టణంలో సైన్సు మాస్టారు. ఆ డిగ్రీ వెనక ఎవరి నడుము వంగిందో అతనికి తెలుసు. ఆ రుణం మాటల్లో తీర్చే అలవాటు ఆ ఇంట్లో లేదు. అందుకని చేతులతో తీర్చాలనుకున్నాడు. అక్టోబరు రెండో ఆదివారానికి అనతోల్‌కు డెబ్బై ఐదు నిండుతాయి. ఆ రోజున తండ్రి తన సొంత నేలమాళిగలోకి యజమానిలా దిగి, తన చేత్తో మొదటి సీసా పైకి తేవాలి. కొత్త గదిలో మొదటి సీసా యజమానే తేవాలన్నది ఆ కొండ మీద ఆచారం. కొడుకు కోరుకున్నదల్లా ఆ ఒక్క దృశ్యం.

మార్చిలో పని మొదలుపెట్టాడు. పుస్తకాలు కొన్నాడు. అన్నీ ఒకే మాట చెప్పాయి. పన్నెండు డిగ్రీలు, ఏడాది పొడవునా, రాత్రీ పగలూ తేడా లేకుండా. గాలి వీచకూడదు. వాసన ఉండకూడదు. పొగ అసలు తగలకూడదు. లూసియెన్ మాట తప్పే మనిషి కాదు, పుస్తకం మాట అసలు తప్పడు. ముందు రోడ్డువైపు కంతను మూశాడు. లోపల సిమెంటు, మధ్యలో వేడి చొరకుండా ఆపే నురుగు పలక, బయట మళ్లీ సిమెంటు. గోడలకు, కప్పుకు దుప్పటిలా నురుగు పలకలు అతికించాడు. మెట్ల పైన మందపాటి తలుపు పెట్టి, చుట్టూ రబ్బరు పట్టీ బిగించాడు. తలుపు మూస్తే సీసాకు బిరడా పెట్టినట్టు చిన్న చప్పుడు అయ్యేది. ఆ చప్పుడు కోసమే అతను రెండు మూడుసార్లు తీసి మూసేవాడు.

"పెళ్లాన్ని కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు నువ్వు," అంది ఒదీల్.

"నువ్వు ఏడాదంతా పన్నెండు మీద ఉండవు కదా," అన్నాడతను. ఆమె తడిగుడ్డ విసిరింది.

ఇంత చేసినా, మెట్లకు ఎదురుగోడకు తగిలించిన పెద్ద అంకెల థర్మామీటరు పద్నాలుగు దగ్గరే మొండికేసింది. మే నెల చివర్లో, పాత సీసాల కోసం వెనక గోడలో ఒక గూడు తొలుద్దామని చూస్తుంటే, కిందివైపు ఒకచోట రాయి వరస తేడాగా కనిపించింది. కొండరాయి కాదది, ఎవరో పేర్చిన ముక్కరాళ్లు. నాలుగు రాళ్లు లాగేసరికి అవతల చీకటి. ఆ చీకట్లోంచి చన్నీళ్లలాంటి గాలి వచ్చి మోకాళ్లకు తగిలింది. టార్చి వేస్తే పాత గని సొరంగం, పైకి వాలుగా వంగి కనుచూపు మేర పోయింది. మర్నాడు పొద్దున థర్మామీటరు చూస్తే పన్నెండు.

లూసియెన్ ఆనందానికి అంతులేదు. డబ్బు ఖర్చు లేకుండా కొండే చల్లబరుస్తోంది. ఆ రంధ్రాన్ని చతురస్రంగా చెక్కి, చెక్క జాలీ బిగించి, దాని చుట్టూ అరలు కట్టాడు. మెట్ల పైన తలుపు లోపలివైపు మేకుకు ఒక చిన్న నోటుపుస్తకం వేలాడదీసి ప్రతి ఉదయం తేదీ, వేడి, తేమ రాసుకోవడం మొదలుపెట్టాడు. పన్నెండు. పన్నెండు. పన్నెండు.

జూన్‌లో ఒకరోజు అనతోల్ చూడ్డానికి వచ్చాడు. ముసలాయన ఊరి అవతలి చివర పాత ఇంట్లోనే ఉండేవాడు. వారానికి రెండుసార్లు నడిచి వచ్చి, కోడలి చేతి భోజనం చేసి, కొడుకు నోటి రాజకీయాలు విని వెళ్లేవాడు. ఆ రోజు మెట్ల దగ్గర ఆగి, కోటు జేబులోంచి బొటనవేలంత కొవ్వొత్తి ముక్క తీసి వెలిగించాడు. లూసియెన్ పళ్లు బిగించుకున్నాడు.

ఆ కొవ్వొత్తికి ఒక చరిత్ర ఉంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు తొట్లలోంచి ఒక చెడ్డ గాలి వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, నీళ్లలా కిందికి పారి పల్లంలో నిలుస్తుంది. దీపం ఆరిన చోట మనిషి కూడా ఆరిపోతాడు. పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో ఒక యజమాని గుహలో కూలీ ఒకడు అలా పడిపోతే, అనతోల్ వాళ్ల అన్నయ్య ఫెర్నాన్ అతన్ని తేవడానికి దిగి తనూ తిరిగి రాలేదు. అనతోల్ ఆ రోజు కొవ్వొత్తి పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. దిగలేదు. ఊరు ఆయన్ను ఎదురుగా ఏమీ అనలేదు గానీ, వెనక మాత్రం ‘మెట్ల అనతోల్’ అని పేరు పెట్టింది. లూసియెన్ ఆ పేరు ఎనిమిదేళ్ల వయసులో బడి ఆవరణలో విన్నాడు. అర్థం తెలిశాక తండ్రిని ఎన్నడూ అడగలేదు. కానీ ఆయన జేబులోంచి కొవ్వొత్తి బయటికి వచ్చినప్పుడల్లా అతనికి చెవులు వేడెక్కేవి.

అనతోల్ గది అంతా నెమ్మదిగా చూశాడు. అరలను వేలితో తట్టాడు. తన సీసాలు, కడిగి తుడిచి, ఏ ఏడువి ఆ ఏడు వరసగా పడుకుని ఉంటే ఒకదాన్ని తీసి, మళ్లీ పెట్టేశాడు. తర్వాత కొవ్వొత్తిని చెక్క జాలీ దగ్గర పెట్టాడు. మంట గదిలోకి వంగింది. మూసేసిన కంత దగ్గర పెట్టాడు. మంట కదల్లేదు.

"పీల్చే ముక్కు తెరిచావు, వదిలే ముక్కు మూశావు," అన్నాడు. "ఇది ఎక్కడికి పోతుంది?"

లూసియెన్ వివరించాడు. అది పాత గని, దానికి పోయే చోటేదీ లేదు. గాలి వీస్తే వైన్ పాడవుతుంది కాబట్టి ఒక వైపే తెరవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ పులిసేది ఏమీ లేదు. అన్నీ బిరడా వేసిన సీసాలు. కొవ్వొత్తి తొట్లున్న గుహలకు గానీ సీసాల గదికి కాదు. ఇది బళ్లో పన్నెండేళ్ల పిల్లలకు కూడా తెలుసు. చివరగా, నురుగు పలకలకు నిప్పు తగిలితే ఇల్లంతా అంటుకుంటుంది కాబట్టి ఇకమీదట మంట తేవద్దని మర్యాదగానే చెప్పాడు. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

అనతోల్ మంటను వేళ్లతో నలిపి ఆర్పి జేబులో వేసుకున్నాడు. పైన గుదేవాళ్ల తొట్లున్నాయని మాత్రం అన్నాడు.

గుదేలు కొండపైన వైన్ చేసేవాళ్లు. వాళ్ల గుహ ఈ ఇంటికి పైగా, వెనకగా ఉంటుంది. తండ్రి మాట పూర్తిగా కొట్టిపారేయడం ఇష్టంలేక లూసియెన్ ఆ వారమే మార్సెలిన్ గుదేను రోడ్డు మీద ఆపి, మీ గుహకు వెనకవైపు దారి ఏమన్నా ఉందా అని అడిగాడు. మార్సెలిన్ నలభై ఏళ్లవాడు, మంచివాడు, మాటకారి. వెనకవైపు తాతగారే గోడ పెట్టించారనీ, ఎలుక కూడా దూరదనీ చెప్పాడు. ఒకసారి చూద్దామా అన్న మాట లూసియెన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కొండ మీద పిలవకుండా ఒకరి గుహలోకి పోవడం, పడకగదిలోకి పోవడం ఒకటే. చూస్తానని అడగడమంటే ఎదుటివాడి మాట నమ్మలేదనడమే. లూసియెన్ అడగలేదు. మార్సెలిన్ పిలవలేదు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుని విడిపోయారు.

ఎండాకాలం ఎండలు బాగా కాశాయి. ద్రాక్ష తియ్యగా పండింది. సెప్టెంబరు చివర కోతలు మొదలై, బళ్లు రోడ్డు నిండా రసం కార్చుకుంటూ కొండెక్కాయి. ఊరంతా పుల్లటి వాసన కమ్ముకుంది. నేలమాళిగలో మాత్రం ఏ వాసనా లేదు, తలుపు రబ్బరు అంత గట్టిది. అక్టోబరు మొదటి వారంలో లూసియెన్ పొద్దున్నే కిందికి దిగినప్పుడు అరల కింద ఒక చుంచెలుక చచ్చిపడి ఉంది. రెండు రోజుల తర్వాత దీపం కింద గండుచీమలు, ఒక సాలీడు. మందు కూడా పెట్టకుండానే పీడ విరగడైందని అతను సంతోషపడ్డాడు. నోటుపుస్తకంలో వేడి పక్కన ‘ఎలుకలు లేవు’ అని రాశాడు. గురువారం నాడు కింద సీసాలకు చీటీలు అంటిస్తుంటే తల పోటెత్తి, మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు తేలిపోయాయి. జిగురు వాసన పడలేదనుకున్నాడు. ఒదీల్ ఒక మాత్ర ఇచ్చి, మావగారి కంటే ముందు నువ్వే ముసలివాడివయ్యావని వెక్కిరించింది.

ఆదివారం వచ్చింది.

పొద్దున పదింటికి మార్సెలిన్ ఒక కూజా తెచ్చాడు. సగం పులిసిన కొత్త రసం, బెర్నాష్. ఏటా ఈ రోజుల్లో ఇరుగుపొరుగులకు పంచుతారు, కాల్చిన చెస్ట్‌నట్ గింజలతో తాగుతారు. మబ్బు రంగులో ఉన్న ఆ రసం కూజాలో ఇంకా బుసబుసలాడుతోంది. అనతోల్ అప్పటికే వచ్చి, ఉతికిన చొక్కా వేసుకుని బల్ల చివర కూర్చుని ఉన్నాడు. మార్సెలిన్ ఆయనకు దండం పెట్టి, ఈ ఏడు పొంగు చూడాలి బాబాయ్ అన్నాడు. తొట్లు కుండల్లా ఉడుకుతున్నాయట. పై ఊళ్లో ఇద్దరి గుహల్లో పంకాలు పెట్టి గాలి తోడుతున్నారట.

"మా గుహకే ఆ బాధ లేదు. తాతల నాటి నుంచీ మా దాంట్లో కొవ్వొత్తి ఆరిన రోజు లేదు," అన్నాడు గర్వంగా.

అనతోల్ తల ఎత్తాడు. "మరి ఆ గాలంతా ఎక్కడికి పోతుందిరా?"

"కొండ తాగేస్తుంది బాబాయ్," అని నవ్వి, గ్లాసు ఖాళీ చేసి, తొట్లు చూసుకోవాలని వెళ్లిపోయాడు మార్సెలిన్.

తర్వాత భోజనానికి కూర్చున్నారు. ఎండు ఆల్‌బుఖారా పళ్లు వేసి వండిన కుందేలు మాంసం, మేకపాల జున్ను, రొట్టె. అనతోల్ సరిగా తినలేదు. కళ్లు మూలనున్న తలుపు మీదే ఉన్నాయి. లూసియెన్ దాన్ని ఆత్రం అనుకున్నాడు. కొత్త తాళంచెవికి ఎర్ర రిబ్బను కట్టి తండ్రి కంచం పక్కన పెట్టాడు. వెళ్లి నీ సీసా తెచ్చుకోమని, కావాలంటే అరవై నాలుగో సంవత్సరం సీసా తెమ్మని, అది కుడివైపు మూడో అరలో ఉందని చెప్పాడు.  ఏడు నెలలు ఆ మాట కోసమే పనిచేశాడు.

అనతోల్ తాళంచెవి తీసుకున్నాడు. జేబులోంచి కొవ్వొత్తి కూడా తీసి పక్కన పెట్టాడు.

వద్దన్నాడు లూసియెన్. పలకల సంగతి మళ్లీ చెప్పాడు. కరెంటు దీపం ఉందన్నాడు. ఒక్క రోజుకు, తన మాట కోసం, అది లేకుండా దిగమన్నాడు.

"కోతల నెలలో ఇది లేకుండా దిగను," అన్నాడు అనతోల్. "నువ్వూ దిగొద్దు. ఆ తలుపు తీసి ఉంచు, కంత పగలగొట్టు. తర్వాత చూద్దాం."

లూసియెన్ ముఖం ఎర్రబడింది. ఆయన వద్దంటున్నది గాలిని కాదు, తను ఇచ్చినదాన్ని అనిపించింది. ఆ గది, ఆ ఏడు నెలలు, ఆ చదువు, అన్నిటినీ కలిపి ఆ బొటనవేలంత మైనం ముక్క వెక్కిరిస్తున్నట్టు అనిపించింది. ముప్పై ఏళ్లుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"మెట్ల మీద నిలబడిపోవడం నీకు కొత్తేం కాదులే నాన్నా."

 కూజాలో రసం బుసబుసమంటూనే ఉంది. అనతోల్ కంచంలోకి చూస్తూ రొట్టె ముక్కను రెండుగా, మళ్లీ నాలుగుగా తుంచాడు. లూసియెన్‌కు ఆ మాటను వెంటనే మింగేయాలనిపించింది గానీ ఎలా మింగాలో తెలియలేదు.

ఒదీల్ లేచింది. ఇద్దరు మగవాళ్లు అలిగితే సర్దడం ఆ ఇంట్లో ఆమె వంతు. ఎర్ర రిబ్బను తాళంచెవి మావగారి వేళ్ల దగ్గర నుంచి తీసుకుని, "మీరిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చోండి, నేను తెస్తాను. మావయ్యా, మొదటి గ్లాసు మీకే, రెండోది నాకు. మాస్టారికి నీళ్లు," అంది. దీపం స్విచ్చి వేసి తలుపు తెరిచింది. రబ్బరు చప్పుడు చేసింది. చెప్పుల చప్పుడు దిగుతూ దిగుతూ పోయింది.

అనతోల్ వద్దని చెయ్యెత్తాడు. ఆయన కొవ్వొత్తి జేబులో వేసుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి నిలబడేసరికి ఆమె కనబడలేదు. లూసియెన్ లేవలేదు. తండ్రికి ఎలా క్షమాపణ చెప్పాలా అని బల్ల గుడ్డ అంచు చూస్తూ కూర్చున్నాడు.

కింద సీసా ఒకటి రాతి మీద పడి, పగలకుండా, దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగింది.

"ఒదీల్," అని పిలిచాడు లూసియెన్.

 అతను ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి వెళ్లాడు. దీపం వెలుగుతోంది. మెట్లన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పైనుంచి తొమ్మిదో మెట్టు మీద ఒదీల్ బోర్లా పడి ఉంది, ముఖం ఇటువైపు, ఒక చెయ్యి పై మెట్టు మీద. దిగి, తేడా తెలిసి, వెనక్కి తిరిగి ఎక్కబోయిందన్నమాట. అతను మెట్టు మీద కాలు వేయబోయాడు.

వెనక నుంచి రెండు చేతులు అతన్ని పట్టుకున్నాయి. ఒకటి నడుం పట్టీని, ఒకటి మోచేతి పైభాగాన్ని. డెబ్బై ఐదేళ్ల చేతులు అవి అని నమ్మలేనంత పట్టు. లూసియెన్ విదిలించుకున్నాడు, అరిచాడు, తండ్రిని మోచేత్తో పొడిచాడు. పట్టు వదల్లేదు.

"ముందు ఇది చూడు," అన్నాడు అనతోల్ అతని చెవిలో. "ఇది చూశాక కూడా పోతానంటే పో."

ఒక చెయ్యి కొడుకు నడుం పట్టీ మీంచి తీయకుండానే పళ్లతో అగ్గిపెట్టె తీసి, ఒంటి చేత్తో కొవ్వొత్తి వెలిగించి, వంగి, తలుపు పక్కనున్న పొడవాటి ఇనప చువ్వకు గుచ్చి కిందికి దించాడు. మూడో మెట్టు దగ్గర మంట నిటారుగా ఉంది. ఐదో మెట్టు దగ్గర పొట్టిదైంది. ఆరో మెట్టు దగ్గర లేదు. గాలికి ఆరినట్టు ఊగలేదు, నీళ్లలో ముంచినట్టు లేకుండా పోయింది. దాని కింద విద్యుద్దీపం పట్టపగలులా వెలుగుతూనే ఉంది.

 ఈ ప్రయోగం లూసియెన్ ఏటా గాజు గిన్నెలో పిల్లలకు చేసి చూపిస్తాడు.

అరలు దించడానికి వాడిన మోకు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. అనతోల్ ఒక కొనను కొడుకు చంకల కిందుగా కట్టి, రెండో కొనను అతని చేతికిచ్చి, మధ్య భాగం తను పట్టుకున్నాడు. ఆయన గొంతు పొలంలో పని పురమాయించేటప్పటిలా మామూలుగా ఉంది. గుండెల నిండా మూడుసార్లు పీల్చుకుని, మూడోది బిగబట్టి దిగమన్నాడు. కింద ఊపిరి తీయకూడదు, పిలవకూడదు, ఏడవకూడదు. ఆమెను లాగకూడదు, ఆ కొనను చంకల కిందుగా వేసి ముడి వేయాలి, అంతే.

"ఇరవై లెక్కపెడతాను. ఇరవై ఒకటికి నిన్ను లాగేస్తాను, పని అయినా కాకపోయినా."

మొదటిసారి కాలేదు. ఆమె దగ్గరికి చేరేసరికి ఏడు. చెప్పినమాట మరిచి, మణికట్టు పట్టుకుని లాగాడు. ఒంట్లో పట్టులేని మనిషి బరువు ఎంత ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. అర మెట్టు కదిలింది. పైనుంచి తండ్రి లెక్క వినిపిస్తోంది, తొందర లేకుండా, బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. మోకు చంకల్లోకి కోసుకుపోయి అతన్ని వెనక్కి లాగింది. ఒదీల్ వేళ్లు అతని వేళ్లలోంచి ఒక్కొక్కటే జారిపోయాయి.

వంటింటి నేల మీద పడి అతను గాలి మింగాడు. అనతోల్ అతని ముఖం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. "పీల్చు. ఇంకా. ఇంకోటి. కట్టమన్నాను, లాగమన్లేదు. లాగడం నా పని. పో."

రెండోసారి అతను ఆమె ముఖం చూడలేదు. తాడు మాత్రమే చూశాడు. చంక కింద నుంచి, వీపు మీదుగా, రెండో చంక కింద నుంచి. ముడి. పద్నాలుగు. ఇంకో ముడి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, నోరు దానంతటదే తెరుచుకోబోతోంది. పదిహేడుకు లేచి, పాకుతూ పైకి వచ్చి, తండ్రి పక్కన పడి మోకు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. ఒదీల్ తల ఒక్కో మెట్టు అంచుకూ తగులుతూ పైకి వచ్చింది. ఆ చప్పుడు లూసియెన్ ఆ తర్వాత చాలా రోజులు విన్నాడు.

ఆమె పెదవులు ద్రాక్షతొక్కల రంగులో ఉన్నాయి. వీధి తలుపు దాకా ఈడ్చుకెళ్లి, గడప మీద పడుకోబెట్టి లూసియెన్ నోట్లో నోరు పెట్టి ఊదాడు. అనతోల్ ఆరుబయటి గాలిలోకి ఆమె ముఖం తిప్పి పట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు. చివరకు ఎక్కిళ్లలాంటిది ఒకటి వచ్చింది, ఆగింది, ఇంకొకటి వచ్చింది. అప్పుడు మాత్రమే ముసలాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కబురందుకుని వచ్చిన అగ్నిమాపక దళం వాళ్లు రోడ్డువైపు కంత పగలగొట్టారు. గంటసేపు ఆ సందు దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. తొట్ల నుంచి వచ్చే గాలి మార్సెలిన్ తాత పెట్టించిన గోడ సందుల్లోంచి పాత గనిలోకి దిగి, అక్కణ్ణుంచి ఈ గదిలోకి దిగి, నేల దగ్గరున్న ఆ కంతలోంచి రోడ్డు మీదికి పారిపోయేదట. వందేళ్లుగా ఏటా అదే దారి. కంత కింద ఎందుకు పెట్టాడో ఆ మేస్త్రీకి తెలుసు. మధ్యలో పేర్చిన ముక్కరాళ్ల వల్ల కొంచెం కొంచెంగానే వచ్చేది. లూసియెన్ ఆ రాళ్లు తీసి, ఈ కంత మూశాడు. మార్సెలిన్ టోపీ చేత్తో పట్టుకుని రోడ్డు మీద నిలబడి, ఎవరూ అడగకపోయినా, ఒకసారి వచ్చి చూడమని తను అనాల్సిందని పదేపదే చెప్పుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. అనతోల్ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు కూడా మోకు ఉంది. కడదామని తీశాను. ఈలోపు ఫెర్నాన్ దూకాడు. నా చేతికి చొక్కా దొరికింది గానీ మనిషి దొరకలేదు."

 లూసియెన్ చొక్కా చెయ్యి పైకి లాక్కుని చూసుకున్నాడు. మోచేతి పైన నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఆ మచ్చలు పోవడానికి మూడు వారాలు పట్టింది. పోతుంటే అతనికి బాధనిపించింది.

ఒదీల్ తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది. నడుస్తుంది, నవ్వుతుంది, మొగుణ్ణి వెక్కిరిస్తుంది. కానీ ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోతుంది. చెంచాను పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కుంటుంది. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చిన ఊళ్ల పేర్లు ఇప్పుడు కొన్ని రావడం లేదు. వస్తాయని డాక్టరు అన్నాడు. ఎప్పటికో చెప్పలేదు.

సెంట్ మార్టిన్ పండుగ వెళ్లాక లూసియెన్ కిందికి దిగాడు. తలుపుకున్న రబ్బరు అప్పటికే పీకేశాడు. చేతిలో కొవ్వొత్తి ఉంది. వెనక రెండు మెట్ల దూరంలో అనతోల్ ఉన్నాడు. ఆరో మెట్టు దగ్గర లూసియెన్ ఆగిపోయాడు. మంట నిలబడే ఉంది. అయినా కాలు కదల్లేదు. వెనక నుంచి తండ్రి తొందరపెట్టలేదు. ఇద్దరూ అలా నిలబడ్డారు, మెట్ల మీద, చాలాసేపు.

తర్వాత దిగారు. తెరిచిన కంతవైపు మంట కొద్దిగా వంగింది. అరవై నాలుగో సంవత్సరం సీసా అరల కింద మూలకు దొర్లి అక్కడే ఉంది, దుమ్ము పట్టి. థర్మామీటరు పన్నెండు చూపిస్తోంది. తిరిగి పైకి వచ్చేసరికి నోటుపుస్తకం తలుపు లోపలి మేకుకు వేలాడుతోంది. లూసియెన్ కొవ్వొత్తి దగ్గరగా పెట్టి చివరి పేజీ చదివాడు. ఆ ఆదివారం పొద్దున, మార్సెలిన్ కూజా తేకముందు, తలుపు తీసి పై మెట్టు మీంచే టార్చి వేసి చూసి, తొందర్లో తనే రాసుకున్న వరస.

‘పన్నెండు. ఎలుకలు లేవు. అంతా బాగుంది.’